కడిగి కడిగి అరిగిన ముఖం

అమ్మకు రెండో కంటి శుక్లం తీయించిన వారంలోనే నా భార్య ముళబాగిలు వెళ్ళవలసి వచ్చింది. అక్కడ వాళ్ళ అక్కకు ఆపరేషను, దగ్గరుండి చూసుకోవడానికి వేరే ఎవరూ లేరు. అమ్మ కంట్లో రెండు గంటలకొకసారి చుక్కలు వేయాలి. ఎనభై రెండేళ్ళ మనిషిని నల్లద్దాలతో ఒంటరిగా ఇంట్లో వదిలి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. అందుకని నేను మ్యూజియానికి పోయేటప్పుడు ఆమెను కూడా ఆటోలో వెంటబెట్టుకుని పోయేవాణ్ణి. ఆ నాలుగు రోజులూ అలా తీసుకుపోకపోయి ఉంటే, ఇప్పుడు రాస్తున్న సంగతి నాకు ఎప్పటికీ తెలిసి ఉండేది కాదు.

మ్యూజియం అంటే పెద్దదేమీ కాదు. చాంపియన్ రీఫ్స్‌లో, కోలారు బంగారు గనుల మూతపడిన షాఫ్టుకు కాస్త ఇవతల, గనులు నడిచే కాలంలో ఎవరో దొర ఉండిన రేకుల బంగళా ఒకటుంది. అది ఇప్పుడు క్యాథలిక్ ఫాదర్లది. వాళ్ళ సంఘంలో కొందరు ఆఫ్రికాలో ఏళ్ళ తరబడి పనిచేసి తిరిగి వచ్చారు. వస్తూ వస్తూ తెచ్చిన డోళ్ళు, చెక్క మాస్కులు, ఒకే మొద్దును తొలిచి చేసిన పీటలు, ఇత్తడి కడియాలు, సన్నటి పట్టీలుగా నేసి అతికిన దుప్పట్లు ముందరి రెండు గదుల్లో పెట్టారు. ముగ్గురు ఫాదర్లు కలిసి మొదలుపెట్టిన పని అది. ఇద్దరు పోయారు. మిగిలినాయనకు ఎనభై దాటింది. క్యాసంబళ్ళి దగ్గరి పల్లెలో పుట్టి, చిన్నప్పుడే సెమినరీలో చేరి, అటునుంచి అటే నైజీరియాకు వెళ్ళి ముప్పై ఏళ్ళు ఉండి వచ్చిన మనిషి. మోకాళ్ళు సహకరించవు. రెండు గదులకూ నడుమ ఉన్న గుమ్మం దగ్గర చేతుల కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎవరొచ్చినా, ఎటు పోయినా ఆయన ముందు నుంచే పోవాలి.

నేను ప్రభుత్వ హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉండగా ఒకసారి పిల్లల్ని అక్కడికి తీసుకుపోయాను. వస్తువుల పక్కన పెట్టిన చీటీలన్నీ ఇంగ్లీషులో ఉండేవి. పిల్లలు ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, విసుగు పుట్టి, డోలు మీద దరువు వేయడానికి పోటీ పడ్డారు. ఆయన కోప్పడలేదు. నేను రిటైరైన సంగతి తెలిసి కబురు పంపారు.

"సార్, మన పల్లె పిల్లోళ్ళు చదవలేకుండా ఉండారు. ఈ చీటీలన్నీ తెలుగులోనూ కన్నడంలోనూ రాసి పెడతారా?"

రాయడం ఒప్పుకున్నాక తెలిసింది, అది చీటీలు రాసే పని కాదు, వినే పని అని. ఒక పీటకు గంట. ఎవరు దాని మీద కూర్చోవచ్చు, ఎవరు కూర్చోకూడదు, ఆయన తెలియక కూర్చుంటే ఊళ్ళోవాళ్ళు ఎంత నవ్వారు, అన్నీ చెప్పేవారు. నేను విని, మూడు వాక్యాలు రాసేవాణ్ణి. ఏ వస్తువు దగ్గరా ఆయన తొందరపడింది లేదు, ఒక్కదాని దగ్గర తప్ప. రెండో గదిలో గాజు తలుపు లేని చిన్న అరలో జానెడు పొడుగు చెక్క ఆడబొమ్మ ఉండేది. దాని సంగతి అడిగితే, "బొమ్మ, నైజీరియా అని రాయండి సార్, చాలు," అన్నారు. అంతే రాశాను.

అమ్మ అంతకు ముందు ఆ బంగళా గుమ్మం తొక్కలేదు. నేను అక్కడినుంచి ఇంటికి రాగానే, "కాళ్ళు కడుక్కోని లోపలికి రా," అనేది. ఏ దేశపు దేవుళ్ళో, ఎవరెవరి ఇళ్ళల్లో ఉండి వచ్చినవో అని ఆమె జంకు. మొదటి మూడు రోజులూ వరండాలోనే కూర్చుంది. నేను లోపల పని చేసుకుంటూ వేళకు వచ్చి చుక్కలు వేసేవాణ్ణి. ఆమె వరండాలోనుంచి, ఫాదరు గుమ్మంలోనుంచి, ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండానే మాట్లాడుకునేవారు. ఆమెది బైరకూరు, ఆయనది క్యాసంబళ్ళి వైపు. రాగులు, చింతపండు, వానలు, ఒకప్పుడు సంతకు ఎద్దుల బండి కట్టుకుని పోయిన దారులు, వీటితో వాళ్ళకు పొద్దుపోయేది. ఆయన ఆమెను అమ్మా అనేవారు, ఆమె ఆయన్ను సామీ అనేది.

మూడో రోజు సాయంత్రం కోలారు పోయి డాక్టరుకు చూపించాం. నల్లద్దాలు తీసేయవచ్చన్నాడు. నాలుగో రోజు మ్యూజియానికి పోతే అమ్మ వరండాలో ఆగలేదు. కొంగు తల మీదికి లాక్కుని, చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టు లోపలికి వచ్చింది. కొత్తగా కనబడుతున్న కళ్ళు కదా, ఏది చూసినా దగ్గరికి పోయి చూసింది. డోలు తోలు మీది వెంట్రుకలు చూసింది. దుప్పటి కుట్లు లెక్కపెట్టింది. రెండో గదిలోకి పోయాక ఆమె చాలాసేపు మాట్లాడకపోతే నేను లోపలికి పోయి చూశాను. ఆమె ఆ చిన్న అర ముందు నిలబడి, బొమ్మ జుట్టును వేలితో రాస్తూ ఉంది.

"అమ్మా, తాకకూడదు," అన్నాను. గొంతు కొంచెం కటువుగానే వచ్చింది.

ఆమె వేలు తీయలేదు. "ఇది నీలిమందు నాయనా. తెల్లబట్టలకు వేస్తామే, ఆ నీలిమందు. వెనకటి బొమ్మకు నీలిమందు ఎవరు పెట్టినారు?"

చూస్తే నిజమే. జడలు అల్లి శిఖరంలా ఎత్తి కట్టినట్టు చెక్కిన జుట్టు గీతల్లో నీలం ఇరుక్కుని ఉంది. ఏడాదిగా రోజూ చూస్తున్న నాకు అది రంగు అనుకోవడమే తప్ప ఏం రంగు అని తోచలేదు.

"ముఖం ఎందుకిట్ల అయింది?" అని అడిగింది. కళ్ళు, ముక్కు, పెదవులు అన్నీ మెత్తబడిపోయి, ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు ఉంటుంది ఆ ముఖం.

"పాతది కదమ్మా."

"పాతదైతే చెక్క పగులుతుంది, పురుగు తింటుంది. ఇది అట్ల కాదు. కడిగి కడిగి అరిగింది. ఎవరో దినామూ నీళ్ళు పోసి తుడిచినారు దీనికి."

గుమ్మం దగ్గర కుర్చీ కిర్రుమంది. ఫాదరు కర్ర ఊతగా లేవబోయి, లేవలేక మళ్ళీ కూర్చున్నారు.

"అవునమ్మా," అన్నారు. "నీళ్ళు పోసినారు. ఇట్ల వచ్చి కూర్చోండి, చెప్తాను."

నేను అమ్మకు స్టూలు వేశాను.  ఆయన కళ్ళద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకున్నారు.

"ఆ పక్క కవలపిల్లలు శానా మంది పుడతారమ్మా. ఇద్దరిలో ఒక బిడ్డ పోతే, తల్లి పోయి చెక్క పని చేసేవాడితో ఇట్ల ఒక బొమ్మ చేపించుకుంటుంది. పోయిన బిడ్డ దీంట్లో ఉండాదని వాళ్ళ నమ్మకం. బతికిన బిడ్డకు నీళ్ళు పోస్తే దీనికీ పోస్తుంది. వాడికి అన్నం పెడితే దీని నోటికీ తాకిస్తుంది. ఎర్రపొడి పూస్తుంది, తలకు నీలిమందు పెడుతుంది. బయటికి పోయేటప్పుడు నడుముకు కట్టిన గుడ్డలో చెక్కుకోని పోతుంది."

"బిడ్డ అంటావు. ఇది పెద్ద ఆడమనిషి మాదిరి ఉండాదే సామీ?"

"వాళ్ళు బిడ్డను బిడ్డగా చెక్కరమ్మా. పెరిగి పెద్దైన మనిషిగా చెక్కుతారు."

అమ్మ బొమ్మ వైపు తిరిగి చూసింది.

"ఈ బొమ్మ ఎవరిదో నాకు తెలుసు," అన్నారు ఫాదరు. "ఆయమ్మ సంతలో అలసందలు అమ్మేది. రెండేండ్లు నా దగ్గరికి ప్రార్థనలు నేర్చుకోడానికి వచ్చింది. మా మతంలో కలిపే జ్ఞానస్నానం దినం దగ్గరికొచ్చింది. ఈ బొమ్మ ఇచ్చేస్తే గాని జ్ఞానస్నానం ఇచ్చేది కాదు అని చెప్పినాను. నాకప్పుడు ముప్పై రెండేండ్లు. చెక్కముక్కను బిడ్డ అనుకోకూడదు అమ్మా, నీ బిడ్డ దేవుడి దగ్గర ఉండాది అని చెప్పినాను. మరుసటి దినం తెచ్చింది. వీపు మీద బిడ్డను కట్టుకున్నట్ల కట్టుకోని తెచ్చింది. నా మేజా మీద పెట్టింది."

"ఏమనింది?"

"సరే ఫాదర్ అనింది. వాకిలి దాకా పోయి, తిరిగి వచ్చి, ఒక మాట అడిగింది. పొద్దుగూకితే దీన్ని పండుకోబెడతారా అని."

"నువ్వేమన్నావు సామీ?"

"నవ్వినానమ్మా."

అమ్మ ముఖం ఏమీ మారలేదు. "నవ్వినావా," అంది మెల్లగా. అది ప్రశ్నలా కూడా లేదు.

"నవ్వినాను. పారేయడానికి చేతులు రాలేదు. నా ట్రంకు పెట్టెలో ఉండిపోయింది. ఎన్ని ఊర్లు మారినా దాంతోపాటే మారింది. వయసు పెరిగే కొద్దీ ఆ నవ్వు నాకు వినిపించడం మొదలైంది. తిరిగి ఇద్దామని రెండు జాబులు రాసినాను. కొడుకుతో ఏదో పట్నం పోయిందని, ఆమీద తెలీదని జవాబొచ్చింది."

"కొడుకా? బతికిన బిడ్డ మగబిడ్డా?"

"అవునమ్మా."

"ఆయమ్మ ఏడ్చిందా?"

"ఏడ్వలేదమ్మా. అదే నాకు ఇప్పటికీ…"

"ఏడ్వదు సామీ," అంది అమ్మ. "నీ ముందర యాడ ఏడుస్తుంది?" అని లేచి నిలబడి, నా చెయ్యి పట్టుకుని, "ఇంటికి పోదాం నాయనా," అంది.

ఆటోలో ఆమె కళ్ళు మూసుకుని కూర్చుంది. అలసిపోయిందనుకున్నాను. ఇంటికి వచ్చి, అన్నం తిన్నాక, మంచం మీద పడుకోబెట్టి చుక్కలు వేశాను. వేశాక ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండాలి. ఆమె కళ్ళు మూసుకుని ఉండగానే చెప్పింది.

"నువ్వొక్కడివే పుట్లేదు నాయనా. నీకంటే ముందు ఒక ఆడబిడ్డ పుట్టింది."

నేను మందుసీసా మూత బిగిస్తున్నాను. బిగుసుకున్న తర్వాత కూడా తిప్పుతూనే ఉన్నాను.

"బైరకూరులో, మా అమ్మగారింట్లో. ఇద్దురూ ఎలకపిల్లల మాదిరి ఉండిరి. నాకు పాలు ఇద్దరికీ చాల్లేదు. మా అమ్మ నిన్ను ముందు తెచ్చి నా ఒళ్ళో పెట్టేది. మగబిడ్డ, వీడికి తాపు ముందు, వీడు నిలిస్తే చాలు అనేది. నువ్వు తాగి నిద్రపోయినాక ఏమన్నా ఉంటే దానికి. ఆవుపాలల్లో నీళ్ళు కలిపి, దూదితో నోట్లో పిండినారు. అది దానికి పడలేదు."

"ఎన్నాళ్ళుంది?"

"ముప్పై నాలుగు దినాలు." చెప్పడానికి ఆమె ఆలోచించలేదు. "మా అమ్మది తప్పు అనుకోవద్దు. ఇద్దురూ పోతారేమోనని ఆమె భయం. ఆమె చెప్పింది, నేను కాదన్లేదు. అది గట్టిగా ఏడ్చేది గూడా కాదు. పక్కలో పండుకోబెట్టుకోని, దాన్నే చూస్తా నీకు పాలిస్తా ఉంటిని. నేను కాదన్లేదు నాయనా."

"నాన్నకు?"

"తెలుసు. కోలారు గోల్డ్ ఫీల్డ్‌కు నన్ను పిలుచుకోని వచ్చేటప్పుడు, ఇంగ దాని మాట ఎత్తొద్దు, వీడికి మంచిది కాదు అన్నాడు. మా అమ్మ గూడా అదే మాట. బాలింత ఏడిస్తే ఉండే పాలు గూడా ఎండిపోతాయి అనింది. నేను ఏడ్వలేదు. ఆమీద ఏడుద్దామంటే నువ్వు పెద్దోడివైపోయినావు, ఎందుకేడుస్తా ఉండావమ్మా అని అడుగుతావు."

ఐదు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఆమె కళ్ళు తెరవలేదు, నేనూ తెరవమనలేదు. కాసేపటికి నిద్రపోయింది.

నేను వంటింట్లోకి పోయి ఊరికే నిలబడ్డాను. అరవై ఒక్క ఏళ్ళు ఇంట్లో పిల్లలందరికంటే ముందు పుట్టినవాణ్ణని చెప్పుకుని బతికాను. ఏ కాగితం మీదైనా అదే రాశాను. చిన్నప్పుడు అమ్మ నన్ను దేనికీ కొట్టేది కాదు. బడి ఎగ్గొట్టినా, పలక పగలగొట్టినా నాన్నే చూసుకునేవాడు. కానీ గ్లాసులో పాలు మిగిలిస్తే మాత్రం అమ్మ చేతికి ఏది దొరికితే దానితో కొట్టేది. తమ్ముడు మిగిలిస్తే ఏమీ అనేది కాదు. ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు, పెద్దయ్యాక దాన్ని నవ్వులాటగా నా పిల్లలకు చెప్పేవాణ్ణి. అమ్మ అక్కడే ఉండి వినేది.

ఆ పూట నాకు ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు. అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. నాన్న పోయాడు. అమ్మ అప్పుడు ఇరవై ఏళ్ళ పిల్ల. మిగిలింది నేను. నెల రోజుల పసివాణ్ణి, ఆకలైతే తాగాను. అది తప్పు కాదని తెలుసు. తెలిసినంత మాత్రాన మనసు ఊరుకోలేదు.

మరునాడు అమ్మ రానంది. పొరుగింటావిడ చుక్కలు వేస్తానంటే ఆమెకు అప్పజెప్పి నేనొక్కణ్ణే పోయాను. ఫాదరుకు చెప్పాను. చెప్పాలో లేదో అని దారంతా అనుకుంటూనే పోయాను గాని, ఆయన ముఖం చూశాక చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన మొత్తం విన్నారు. తర్వాత, "ఆ బొమ్మ చీటీ తీయండి సార్. కొత్తది రాద్దాం," అన్నారు.

ఆయన చెబుతుంటే నేను రాశాను. కవలల్లో చనిపోయిన ఆడబిడ్డ కోసం తల్లి చేయించుకున్నది. యొరుబా ప్రజలు, నైజీరియా. తల్లి దీనికి రోజూ స్నానం చేయించి అన్నం పెట్టేది, ముఖం అరిగింది అందువల్లనే. ఆ తర్వాత వాక్యం నేనే అందుకుని, ఆ తల్లి దీనిని ఒక ఫాదరుకు ఇచ్చింది అని రాశాను. ఆయన చదివించుకుని తల అడ్డంగా ఊపారు.

"ఇచ్చింది అని రాయొద్దు సార్. తీసుకున్నాడు అని రాయండి."

బంగళా వ్యవహారాలు చూసే చిన్న ఫాదరు ఒకాయన ఆ చీటీ చూసి, వచ్చినవాళ్ళు మనల్ని తప్పుగా అనుకుంటారేమో అన్నారు. "అనుకోనీ," అన్నారు పెద్దాయన. ఆ చీటీ అలాగే ఉంది.

వారం తర్వాత అమ్మ తానే బయల్దేరింది. చేతిలో మెత్తటి పాతచీర ముక్క, నాలుగు మడతలు పెట్టినది. చీటీని నా చేత పైకి చదివించుకుంది. విని, తల ఊపి, చీర ముక్కను అరలో పరిచింది.

"తలుపేసి పోయేటప్పుడు దీన్ని పండుకోబెట్టు. పొద్దున వచ్చినాక లేపి నిలబెట్టు. ఆయమ్మ అడిగింది కదా."

ఇది నాతో అంది గాని, విన్నది ఫాదరు. ఆయన తల వంచుకున్నారు. ఆమెను చూసి, "అమ్మా, మీ బిడ్డను యాడ పెట్టినారు?" అని అడిగారు.

"మా నాయన చేనులో సామీ. గట్టున."

"మళ్ళీ ఎప్పుడైనా పోయినారా?"

"లేదు. పుట్టింటికి పోతే గూడా ఆ పక్కకు పోనిచ్చేవాళ్ళు కాదు. ఆమీద చేను అమ్మేసినారు. మా అన్నదమ్ములు గూడా ఎవురూ ఊర్లో లేరిప్పుడు."

"పోయొద్దామా? మీరు రమ్మంటే నేనూ వస్తాను."

అమ్మ నా ముఖం చూసింది. నేను తల ఊపాను. "రా సామీ," అంది.

నా భార్య ముళబాగిలు నుంచి వచ్చాక, ఒక బుధవారం పొద్దున కారు మాట్లాడుకుని బయల్దేరాం. నా భార్యకు అంతా చెప్పాను. ఆమె విని, మా అత్తాకోడళ్ళ మధ్య ఎన్నో మాటలు నడిచాయి, ఇది మాత్రం ఎప్పుడూ రాలేదే అని బాధపడింది. తాను వస్తే అమ్మ ఇబ్బంది పడుతుందేమోనని ఇంట్లోనే ఉండిపోయింది. కారులో ఫాదరు ముందు కూర్చున్నారు, నేనూ అమ్మా వెనక. దారిలో ఆయన వెనక్కి తిరిగి ఒక సంగతి చెప్పారు. ఆ దేశంలో కవలల్లో ముందు పుట్టిన బిడ్డను చిన్నది అంటారట. రెండో బిడ్డే పెద్ద. పో, లోకం ఎట్లుందో చూసి నాకు చెప్పు అని మొదటి బిడ్డను ముందు పంపిస్తుందట.

అమ్మ కిటికీలోనుంచి బయటికి చూస్తూ, "చూసింది. బాగలేదని ఎల్లిపోయింది," అంది. కాసేపటికి బైరకూరు వచ్చింది.

ఊరు ఆమెకు తెలిసిన ఊరు కాదు. మట్టిరోడ్డు తారురోడ్డయింది, అటూ ఇటూ ఇళ్ళు. కానీ ఊరి బయట ఉండే పెద్ద బండరాయి ఎక్కడికీ పోదు కదా. దాన్ని చూసి ఆమె డ్రైవరును ఆపమంది. అక్కడినుంచి ఎడమకు రెండు చేలు దాటితే వాళ్ళ నాయన చేను. ఒకప్పుడు రాగి, అలసంద వేసేవాళ్ళట. ఇప్పుడు కట్టెలు నాటి, తీగలు లాగి, వరసల మీద ప్లాస్టిక్ పరిచిన టమాటా తోట. కాయ ఎర్రబడుతూ ఉంది. ఫాదరు ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని గట్టు మీద నడిచారు. అమ్మ మాకంటే ముందు నడిచింది.

డ్రిప్పు పైపులు సరిచేసుకుంటున్న రైతు మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఫాదరు తెల్లంగీ, రోడ్డు మీద కారు చూశాడు.

"భూమి చూడ్డానికొచ్చినారా సార్? ఇది అమ్మేది లేదు."

నేను నోరు తెరిచేలోగా అమ్మే చెప్పింది. "లేదప్పా. మావాళ్ళు ఒకరు ఇక్కడ ఉండారు. చూసి పోదామని వచ్చినాము."

అతను ఆమె ముఖం చూశాడు. ఇంకేమీ అడగలేదు. చెప్పులు విడిచేసి, గట్టు దిగి పక్కకు నిలబడ్డాడు.

అమ్మ కొంత దూరం పోయి, ఇక్కడ అంది. మళ్ళీ కాదు, ఇంగ కొంచెం అవతల అంది. అప్పుడు ఇక్కడ ఒక కానుగచెట్టు ఉండేదని, బిడ్డను ఎత్తుకుపోయింది వాళ్ళ నాయన అని, తనను ఇంట్లోనుంచి రానివ్వలేదని, గట్టున పెట్టినాను అని ఆయన చెప్పిన మాటే తనకు తెలుసునని చెప్పింది. అంటే ఆ చోటు ఆమె ఎన్నడూ చూడలేదు. అది నాకు అప్పుడే తెలిసింది. చివరికి ఒకచోట ఆగి, నేల మీద కూర్చుని, అరచెయ్యి మట్టి మీద ఆనించింది. ఫాదరు టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు.

"ప్రార్థన చేయొచ్చునా అమ్మా?"

"చేసుకో సామీ. మనసులో."

ఆయన పెదవులు కూడా కదపలేదు. నా భుజం పట్టుకుని తల వంచి నిలబడ్డారు. అమ్మ తలెత్తి నన్ను పిలిచింది.

"అక్కా అని పిలువు ఒకసారి."

నేను నిలబడిపోయాను. అరవై ఒక్క ఏళ్ళవాణ్ణి, పక్కన ఫాదరు, కాస్త దూరంలో ముక్కూ ముఖం తెలియని రైతు.  అమ్మ పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పక్కనే నా చెయ్యి పెట్టి, అక్కా అన్నాను. ఆ మాటతో నేను ఎందరినో పిలిచాను గాని, నా సొంత అక్కను పిలిచింది అదొక్కసారే.

అమ్మ అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో పెట్టుకోలేదు, ముఖం దాచుకోలేదు. గట్టు మీద కూర్చుని గట్టిగా ఏడ్చింది. నేను ఆపలేదు, ఫాదరూ ఆపలేదు. రైతు పోయి మోటారు ఆపేసి వచ్చాడు. పైపుల్లో నీళ్ళ చప్పుడు ఆగిపోయింది.

వచ్చేటప్పుడు అతను ఒక గోతం సంచిలో టమాటాలు కోసి తెచ్చి కారులో పెట్టాడు. వద్దంటే వినలేదు. అమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి, "పంట బాగుండనీ నాయనా," అంది. ఆ కాయలతో ఆమె ఆ మరునాడు చారు పెట్టింది. శుక్లం ఆపరేషను తర్వాత పొయ్యి దగ్గరికి పోవడం అదే మొదలు. కొత్తిమీర ఎక్కువైందని నా భార్య అంటే, కళ్ళు బాగా కనబడతా ఉండాయి, చెయ్యి ఊరుకోలేదు అంది. ముగ్గురం తిన్నాం.

ఆ ఏడు వానలు తగ్గాక ఫాదరును బెంగళూరులో ముసలి ఫాదర్లు ఉండే ఇంటికి పంపించాలని వాళ్ళ పెద్దలు నిర్ణయించారు. మోకాళ్ళతో పాటు గుండె కూడా బాగలేదన్నారు. మ్యూజియం మూసేయలేదు. నేను, ఇంకో రిటైరైన టీచరు వంతులు వేసుకుని తెరుస్తున్నాం. ఆయన పోయే రోజు అమ్మ బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి డబ్బాలో పెట్టుకుని వచ్చింది. ఆయన కారులో కూర్చున్నాక కిటికీలోనుంచి డబ్బా అందించింది.

"వస్తానమ్మా," అన్నారు ఆయన.

"పోయి రా సామీ. అక్కడ చలి ఎక్కువంట. పొద్దున పూట చెవులకు గుడ్డ కట్టుకో."

"కట్టుకుంటానమ్మా," అన్నారు. కారు కదిలి, షాఫ్టు పక్క మలుపు తిరిగిపోయింది.